యుద్ధం విషయంలో

సంక్రాంతి వెళ్ళిన వారం లోపే అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు వస్తుంది. ఆయన పుట్టినరోజు జనవరి 15 అయినా, సెలవును ఆ నెల మూడో సోమవారానికి పెట్టారు. అరిసెల డబ్బా సగం ఖాళీ కాకముందే మా అమ్మాయి బడిలో కింగ్ బొమ్మ గీసుకొని ఇంటికి తెచ్చేది. ఆ బొమ్మ కింద ఏటా ఒకే వాక్యం, 1963 ఆగస్టులో లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి ఆయన చెప్పిన కల గురించిన వాక్యం, రంగు పెన్సిళ్ళతో రాసి ఉండేది. ఆ కల విలువ నాకు తెలుసు. అయితే నేను కింగ్‌ను తెలుసుకున్నది ఆ కల ద్వారా కాదు. మేరీలాండ్‌లోని హయట్స్‌విల్‌లో ఒక పాత ఇటుకల ఇంటి బేస్‌మెంటులో అద్దెకున్న రోజుల్లో, ఇరాక్ మీద యుద్ధం ఇవాళో రేపో అన్నట్టున్న 2003 జనవరిలో, ఆ ఇల్లుగల పెద్దావిడ నాకు వేరొక కింగ్‌ను చూపించారు. ఆ నాలుగు రోజుల సంగతి రాసిపెట్టాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

నేను 2000లో ఈ దేశానికి వచ్చాను. ఏడాది తిరిగేసరికి కంప్యూటర్ ఉద్యోగాలు ఊడ్చిపెట్టుకుపోయాయి. వర్జీనియాలో కంపెనీవారి గెస్ట్‌హౌస్‌లో ఎనిమిది మందిమి నెలల తరబడి పని లేక బెంచ్ మీద కూర్చొని, చివరికి ఎవరి దారి వారు చూసుకున్నాం. 2002 వేసవి చివర నాకు వాషింగ్టన్ నగరంలో చిన్న కాంట్రాక్టు దొరికింది. మెట్రో గ్రీన్ లైనుకు నడిచి వెళ్ళేంత దూరంలో, నా జీతానికి తగిన అద్దెకు దొరికిన ఇల్లు అది. ఆవిడ తపాలా శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన నల్లజాతి స్త్రీ. వయసు అరవై మూడు. నన్ను "బేబీ" అని పిలిచేవారు. అక్కడి పెద్దలు చిన్నవాళ్ళను అలాగే పిలుస్తారని, మన "నాయనా" వంటి పిలుపేనని నాకు కొన్నాళ్ళకు అర్థమైంది. నేను మొదట్లో "మేడమ్" అనేవాణ్ణి. ఒకనాడు చారు గిన్నె అందిస్తూ అలవాటున "అమ్మా" అనేశాను. దాని అర్థం ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు, తరువాత అదే పిలుపు నిలిచిపోయింది.

వారి ముందుగది గోడ మీద రెండు ఫోటోలు ఉండేవి. ఒకటి కింగ్‌ది. రెండోది సైనిక దుస్తుల్లో ఉన్న ఆవిడ తమ్ముడిది. అతడు 1967 చివర వియత్నాంలో చనిపోయాడు, అప్పటికి అతని వయసు ఇరవై. తమ్ముడి ఫోటోకు చట్రం కొత్తది, కింగ్ ఫోటోకు మాత్రం ఒక మూల చెక్క విరిగి, మేకుతో మళ్ళీ కలిపినట్టుండేది. ఆ విరిగిన మూల కథ నాకు డిసెంబరు నెలలో, టీవీలో ఇరాక్ వార్తలు చూస్తూ కూర్చున్న ఒక రాత్రి తెలిసింది.

ఆ కథ చెప్పాలంటే 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లో రివర్‌సైడ్ చర్చిలో జరిగిన సభ గురించి చెప్పాలి. ఆ సాయంత్రం సుమారు మూడు వేల మంది ఎదుట కింగ్ వియత్నాం యుద్ధం మీద తన మనసులోని మాటను దాపరికం లేకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒకే ప్రసంగంలో చెప్పారు. ఆయన అంతకు ముందు కూడా ఆ యుద్ధాన్ని విమర్శించారు గాని, ఆచితూచి విమర్శించారు. 1964 పౌరహక్కుల చట్టం మీద, 1965 ఓటుహక్కు చట్టం మీద సంతకం చేసిన జాన్సన్ అధ్యక్షుడే ఆ యుద్ధాన్నీ నడుపుతున్నాడు. ఆయనతో తెగతెంపులు చేసుకుంటే తమ ఉద్యమానికి నష్టమని చుట్టూ ఉన్నవారంతా హెచ్చరించారు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ విషయంలో భర్తకంటే ముందు నడిచినవారు కొరెట్టా స్కాట్ కింగ్. ఆవిడ 1962లోనే స్త్రీల శాంతి బృందంతో జెనీవా నిరాయుధీకరణ సభకు వెళ్ళారు, 1965లో వాషింగ్టన్‌లో జరిగిన యుద్ధ వ్యతిరేక సభలో మాట్లాడారు. పిల్లల బొమ్మల్లో ఆవిడ ఎప్పుడూ కనిపించరు.

రివర్‌సైడ్‌లో కింగ్ చెప్పిన కారణాలు ఊహల్లోనివి కావు, మా పెద్దావిడ ఇంటి గోడ మీద ఉన్నవే. పేదల కోసం మొదలుపెట్టిన పథకాల డబ్బునూ మనుషులనూ యుద్ధం ఒక గొట్టంలా పీల్చేస్తోందని అన్నారు. తమ సొంత జార్జియాలో, హార్లెంలో దొరకని స్వేచ్ఛను ఆగ్నేయాసియాలో కాపాడమని నల్ల కుర్రవాళ్ళను ఎనిమిది వేల మైళ్ళ దూరం పంపుతున్నారని అన్నారు. ఒకే బడిలో పక్కపక్కన కూర్చోనివ్వని దేశం కోసం తెల్ల కుర్రవాడూ నల్ల కుర్రవాడూ కలిసి చంపుతూ, కలిసి చస్తూ ఉండటం టీవీలో చూస్తున్నామని అన్నారు. నగరాల్లో తిరగబడుతున్న యువకులకు హింస వద్దని తాను చెప్పబోతే, మరి వియత్నాం సంగతేమిటని వాళ్ళు ఎదురు ప్రశ్నించారని, నేటి ప్రపంచంలో హింసకు అన్నిటికంటే పెద్ద వ్యాపారి తన సొంత ప్రభుత్వమేనని ముందు చెప్పకుండా ఆ కుర్రవాళ్ళకు అహింస బోధించే అర్హత తనకు లేదని అన్నారు. జాతివివక్ష, ధనవ్యామోహం, సైనికబలం మీద మోజు, ఈ మూడూ ఒకే కాన్పులో పుట్టిన రాక్షసులని చెప్పారు.

దేశం ఆయన మీద విరుచుకుపడింది. ఆయన పొరపాటు చేశారని న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రాసింది. తన ఉద్యమానికి, తన దేశానికి, తన ప్రజలకు తాను పనికివచ్చే శక్తిని ఆయన తగ్గించుకున్నారని వాషింగ్టన్ పోస్ట్ రాసింది. పౌరహక్కుల ఉద్యమాన్నీ శాంతి ఉద్యమాన్నీ కలపడం వ్యూహపరంగా పెద్ద తప్పని నల్లజాతివారి పాత సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. తీర్మానం చేసింది. మా పెద్దావిడ అప్పటికి వాషింగ్టన్‌లో తపాలా ఉద్యోగంలో ఉన్నారు. ఆ సంపాదకీయం ముక్కను కత్తిరించి, తన బైబిల్‌లో పెట్టుకొని, ముప్పై అయిదేళ్ళు దాచుకున్నారు. ఆ రాత్రి దానిని తీసి నా చేతిలో పెట్టారు. మడత దగ్గర కాగితం చిరిగి, టేపు అంటించిన చోట పసుపుపచ్చగా మారి ఉంది. "అప్పట్లో నాకు కూడా ఇది నిజమే అనిపించింది, అందుకే కత్తిరించాను" అన్నారు ఆవిడ. ఆ మాటకు నేను సిద్ధంగా లేను.

నార్త్ కరొలైనాలోని వారి ఇంట్లో అందుకు కారణం ఉంది. రివర్‌సైడ్ ప్రసంగం నాటికి తమ్ముడు వియత్నాంలో ఉన్నాడు. కొడుకు ప్రాణాలకు తెగించి పోరాడుతుంటే ఆ పోరాటమే తప్పని ఒక పాస్టరు చెప్పడాన్ని తండ్రి భరించలేకపోయాడు. గోడ మీదున్న కింగ్ ఫోటోను తీసి మంచం కింద పడేశాడు. చట్రం మూల అప్పుడు విరిగింది. ఆ సంవత్సరం చివర కొడుకు శవపేటిక వచ్చింది. మరుసటి ఏడు, సరిగ్గా అదే ఏప్రిల్ 4న, మెంఫిస్‌లో పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా వెళ్ళిన కింగ్‌ను లోరైన్ మోటెల్‌లో కాల్చి చంపారు. ఆ వారంలో తల్లి ఫోటోను బయటికి తీసి, తుడిచి, విరిగిన మూలకు మేకు కొట్టి, కొడుకు ఫోటో పక్కన తగిలించింది. తండ్రి చూసి కూడా ఏమీ అనలేదట. ఆ తరువాత ఆయన బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆ మాట ఎత్తినవారు లేరు.

జనవరి 18, శనివారం నాడు వాషింగ్టన్‌లో పెద్ద ప్రదర్శన జరుగుతుందని, కింగ్ సెలవు వారాంతాన్ని కావాలనే ఎంచుకున్నారని ఆవిడే చెప్పారు. తాను వెళుతున్నానని చెప్పారు గాని నన్ను రమ్మనలేదు. అడగకపోవడం వల్లనే నాకు నిద్ర పట్టలేదు. గెస్ట్‌హౌస్ మిత్రులకు ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే మాట: మనం వీసా మీద ఉన్నవాళ్ళం, ఎవరైనా ఫోటో తీసినా, పోలీసులు పేరు రాసుకున్నా గ్రీన్‌కార్డు ఆశ వదులుకోవలసిందే. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన నాలుగు రోజులకే, 15న, ఆరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును, తలపాగా చూసి, ఆయన పెట్రోలు బంకు ముందే కాల్చి చంపారు. అప్పటి నుంచి మాలో చాలామంది గడ్డం తీసేసి, రైల్లో తెలుగు మాట్లాడటం కూడా మానేశారు.

కాలింగ్ కార్డు గీకి తెనాలి దగ్గర మా ఊరికి ఫోన్ చేశాను. మా నాన్నగారు తెలుగు మాస్టారు. 1968లో పంచాయతీ ఆఫీసు రేడియోలో కింగ్ హత్య వార్త విన్నారట, మర్నాడు బడిలో పిల్లలందరినీ నిలబెట్టి మౌనం పాటింపజేశారట. ఈ సంగతి ఆయన నాకు అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. కింగ్ 1959లో మన దేశానికి వచ్చి నెల రోజులు తిరిగారని, ఇతర దేశాలకు పర్యాటకుడిగా వెళతానేమో గాని ఈ దేశానికి తీర్థయాత్రకు వచ్చానని అన్నారని కూడా చెప్పారు. చివరికి నేను అసలు విషయం అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని నాకు కంగారు. "చలి ఎక్కువంటున్నావు, మఫ్లరు చుట్టుకొని వెళ్ళు నాయనా" అన్నారు.

శుక్రవారం రాత్రి ఆవిడ వంటింటి బల్ల మీద రెండు అట్టలు పరిచి, ఒకదాని మీద పోస్టరు రంగుతో రాయడం మొదలుపెట్టారు. "నా తమ్ముడి కోసం, డాక్టర్ కింగ్ కోసం" అని మాత్రమే రాశారు. రెండో అట్ట నాది. ఏం రాయాలో నాకు తోచలేదు. నీ భాషలో రాయి అన్నారు. ఎవరికి అర్థమవుతుందని అడిగితే, రాసేవాడికి అర్థమైతే చాలన్నారు. ఎర్ర రంగులో "యుద్ధం వద్దు" అని రాశాను. కుంచె లావుగా ఉండటం వల్ల "ద్ధ" ముద్దగా అయిపోయింది, సన్న కుంచెతో దానిని మళ్ళీ దిద్దవలసి వచ్చింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకొని ఆ రెండు మాటలనూ పలికించమన్నారు, "యుద్ధం" దగ్గర నాలుక తిరగక మూడు నాలుగు సార్లు ప్రయత్నించి, చివరికి బాగానే పట్టుకున్నారు.

ఆ శనివారం ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉంది. మెట్రో పెట్టెలో అట్టలు పట్టుకున్నవాళ్ళం ముందు మేమిద్దరమే. స్టేషను స్టేషనుకూ పెరుగుతూ, లాన్‌ఫాంట్ ప్లాజాలో దిగేసరికి ఎస్కలేటర్ల నిండా జనం. రాత్రంతా బస్సుల్లో ప్రయాణం చేసి దూర రాష్ట్రాల నుంచి వచ్చినవారున్నారు. పాత సైనిక కోట్లు వేసుకున్న వియత్నాం సైనికులు ఉన్నారు. వారిలో ఒకాయన మా పెద్దావిడ అట్ట చదివి, టోపీ తీసి, ఏమీ మాట్లాడకుండా కాసేపు పక్కనే నిలబడి వెళ్ళారు. కాపిటల్ భవనం ఎదుట సభ జరిగింది. మెంఫిస్‌లో కింగ్ చనిపోయిన రోజు ఆ మోటెల్ దగ్గరే ఉన్న జెస్సీ జాక్సన్ మాట్లాడారు. మేము నిలబడిన చోటికి మాటలు గాలికి తెగి తెగి వినిపించాయి. అక్కడి నుంచి నేవీ యార్డు దాకా నడిచాం. ఎంతమంది వచ్చారన్న దాని మీద నిర్వాహకులకూ పోలీసులకూ లెక్క కుదరలేదు. నాకు తెలిసిందల్లా, కొండ మీది వీధిలో వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆ చివర కనపడలేదు. నా కాలివేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆవిడ మోకాలి నొప్పితో నా చేయి పట్టుకొని నడిచారు, ఒక్కసారి కూడా కూర్చుందామని అనలేదు. ఫోటోలు తీసేవాళ్ళు కనిపించినప్పుడల్లా నేను అట్టను మొహానికి అడ్డం పెట్టుకుంటూ వచ్చాను, ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

మర్నాడు ఆదివారం ఆవిడతో పాటు చర్చికి వెళ్ళాను. నేను చర్చి లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. పాటలయ్యాక దీపాలు తగ్గించి ఒక రికార్డు వినిపించారు. 1968 ఫిబ్రవరి 4న అట్లాంటాలోని ఎబెనేజర్ చర్చిలో కింగ్ ఇచ్చిన ఉపదేశం అది. అందులో ఆయన తన అంత్యక్రియల గురించి తానే మాట్లాడారు. ఆ రోజు మాట్లాడేవాళ్ళను నా నోబెల్ బహుమతి గురించి చెప్పవద్దనండి, నా చదువు గురించి చెప్పవద్దనండి; ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడానికి ప్రయత్నించానని, యుద్ధం విషయంలో సరైన పక్షాన ఉండటానికి ప్రయత్నించానని చెప్పమనండి అన్నారు. రెండు నెలలకే ఆ అవసరం వచ్చింది. ఏప్రిల్ 9న ఆయన అంత్యక్రియల్లో ఆ రికార్డునే వినిపించారు. ఆ చర్చిలో ఎందరో ముసలివాళ్ళు ఆ వాక్యం వచ్చే ముందే పెదవులు కదపడం చూశాను. మన పల్లెల్లో పోతన పద్యం ఎత్తుకోగానే ముసలివాళ్ళు తరువాతి పాదం అందుకున్నట్టుగా ఉంది. తాను చనిపోయాక తనను దేనితో కొలవాలో ఒక మనిషి ఇంత స్పష్టంగా అడిగితే, ఆయన పేరు మీద సెలవు ఇచ్చిన దేశం ఆ ఒక్క మాటను ఎలా పక్కన పెట్టగలిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

సోమవారం సెలవు. ఆవిడ నన్ను వియత్నాం స్మారకానికి తీసుకెళ్ళారు. నల్లరాతి గోడ మీద 58 వేలకు పైగా పేర్లు, అక్షర క్రమంలో కాకుండా చనిపోయిన తేదీల క్రమంలో చెక్కి ఉంటాయి. అందువల్ల ఒకే రోజు పోయినవారు గోడ మీద కూడా ఒకే చోట ఉంటారు. తమ్ముడి పేరు మీద సన్నని కాగితం అదిమి పట్టుకోమని నాకు చెప్పి, పెన్సిలు అడ్డంగా పట్టి రుద్దారు. ముందు బూడిదరంగు మసక, ఆ మసకలో నుంచి ఒక్కొక్క అక్షరం తెల్లగా పైకి తేలింది. ఏటా ఆ రోజున అలా ఒక కాగితం తీసుకుంటారట. ఇంట్లో ఒక అట్టపెట్టె నిండా అదే పేరు ఉంది.

తిరిగి వస్తూ మెట్రోలో కింగ్ భారతదేశ యాత్ర గురించి నేను నాన్నగారి దగ్గర విన్నది చెప్పాను. ఆవిడ ఇంకో సంగతి చెప్పారు. తిరువనంతపురంలో దళిత పిల్లలు చదివే బడికి కింగ్ వెళ్ళినప్పుడు, అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుంచి వచ్చిన మన సాటి అంటరానివాడని పరిచయం చేశాడట. మొదట మనసు చివుక్కుమన్నా, తరువాత అది నిజమేనని కింగ్ ఒప్పుకున్నారట. ఆ పిల్లలు మీ ఊళ్ళో ఎక్కడ ఉండేవారని ఆవిడ నన్ను అడిగారు. ఊరి చివర అని చెప్పాను. మీ ఇల్లెక్కడ అని అడిగారు. ఊరి మధ్యన అని చెప్పాను. ఆవిడ తల ఊపారు, అంతే. నల్లవారి హక్కుల కోసం పుట్టిన మనిషి యుద్ధం జోలికి ఎందుకు వెళ్ళాడన్న ప్రశ్నకు నాకు జవాబు దొరికింది ఆ ప్రయాణంలోనే. ఒక అన్యాయం గురించి మాట్లాడి, దాని పక్కనే ఉన్న ఇంకొక అన్యాయం దగ్గర నోరు మూసుకోవడం ఆయనకు చేతకాలేదు. నేను అది ఎన్నో ఏళ్ళుగా తేలిగ్గా చేస్తూ వచ్చాను.

మార్చి 19 రాత్రి బాంబులు పడటం మొదలైంది. ఆవిడ టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయారు. మనం నడిచి ఏం లాభమని ఆ రాత్రి అడిగాను, గొంతులో కోపం కూడా ఉంది. కింగ్ చనిపోయిన మూడు వారాలకు, 1968 ఏప్రిల్ 27న, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఆయన మాట్లాడవలసిన యుద్ధ వ్యతిరేక సభలో కొరెట్టా మాట్లాడారని, భర్త జేబుల్లో దొరికిన కాగితాల మీద ఆయన రాసుకున్న మాటలను చదివారని ఆవిడ చెప్పారు. ఆ తరువాత కూడా యుద్ధం ఏడేళ్ళు సాగింది. ఆవిడ ఇంకేమీ అనలేదు, నా కంచంలో అన్నం వడ్డించారు.

2004లో నాకు వర్జీనియాలో స్థిరమైన ఉద్యోగం వచ్చి ఆ ఇల్లు ఖాళీ చేశాను. పెళ్ళయింది, అమ్మాయి పుట్టింది. 2009లో నాన్నగారు పోయారు. పండుగకు అరిసెలు పట్టుకొని ఏటా హయట్స్‌విల్ వెళ్ళేవాళ్ళం. 2011 అక్టోబరులో కింగ్ స్మారకాన్ని జాతికి అంకితం చేసిన కొద్ది రోజులకు, ఆవిడను, ఆరేళ్ళ మా అమ్మాయిని వెంటబెట్టుకొని చూడబోయాం. ముప్పై అడుగుల విగ్రహం దగ్గర జనమంతా ఫోటోలు తీసుకుంటున్నారు. ఆవిడ విగ్రహం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. చేతికర్ర పొడుచుకుంటూ, వెనక వంపు తిరిగిన పొడవాటి గోడ వెంట, దాని మీద చెక్కిన పద్నాలుగు సూక్తులనూ చూసుకుంటూ నడిచారు. ఆవిడ దేనికోసం వెతుకుతున్నారో నాకు తెలుసు, కాని అది అక్కడ ఉంటుందన్న ఆశ నాకు లేదు. ఉంది. 1967 నాటి మాటే, రాతి మీద. ఆవిడ చూపు అప్పటికి మందగించింది. చదవమన్నారు, చదివాను. మీ నాన్నగారి భాషలో కూడా చదువు అన్నారు.

మా అమ్మాయి చేయి పట్టుకొని, ఆ గోడ ఎదుట నిలబడి, తోచినట్టు తెలుగు చేసి పైకి చదివాను: "నేను అమెరికాను ప్రేమిస్తున్నాను కనుకనే వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్నాను. కోపంతో కాదు, ఆందోళనతో, గుండెల్లో దుఃఖంతో మాట్లాడుతున్నాను."

ఆవిడ చేతికర్ర ఎత్తి నన్ను ఆపారు. "యుద్ధం," అన్నారు, "ద్ధ" దగ్గర తడబడకుండా. "అది మన అట్ట మీద రాసిన మాట కదూ."